వీధి పిల్లికి కంటి జబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేట కాలనీల్లో వాకిట్లోకి వచ్చే పిల్లికి ఓ ముద్ద పెట్టేవారు చాలామందే ఉన్నారు. ఆ పిల్లి ఒకరోజు కన్ను మూసుకొని వచ్చినప్పుడు ఏం చేయాలన్న సందేహం మాత్రం దాదాపు అందరికీ ఒకే విధంగా ఎదురవుతోంది. అవే ప్రశ్నలను ఫోనులోనూ, గేటు దగ్గరా మళ్లీ మళ్లీ అడుగుతుండటంతో వాటిని ఒకచోట చేర్చాను. నేను పశువైద్యుడిని కాను; కొన్నేళ్లుగా మా వీధి పిల్లులను డాక్టర్ల దగ్గరికి మోస్తూ, వారు చెప్పింది చేస్తూ నేర్చుకున్నవాడిని. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదట కనిపించినప్పుడు

పిల్లి కంటి మూలలో కొంచెం పుసి కనిపిస్తోంది. అది జబ్బేనా?

నిద్ర లేచిన పిల్లి కంటి లోపలి మూలలో గోధుమ రంగులో ఎండిన చిన్న పుసి ఉండి, రెండు కళ్లూ పూర్తిగా తెరిచి, మెరుస్తూ ఉంటే భయపడవలసిన పని లేదు. కంటి నుంచి నీరు ఆగకుండా కారుతున్నా, పుసి పసుపు లేదా ఆకుపచ్చ రంగులోకి మారినా, రెప్పల లోపలి పొర ఎర్రగా ఉబ్బి బయటికి కనిపిస్తున్నా అది జబ్బే. కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర ఒకటి అడ్డంగా వచ్చి సగం కన్ను కప్పినట్టు ఉంటే, అది పిల్లులకు ఉండే మూడో రెప్ప. ఒక కంట్లోనే అలా కనిపిస్తే ఆ కంటిలో నొప్పి ఉన్నట్టు, రెండు కళ్లలోనూ కనిపిస్తే ఒంట్లో మరేదో జబ్బు ఉన్నట్టు అనుమానించాలి.

ఒక కన్ను సగం మూసే ఉంచుతోంది. రెండు మూడు రోజులు ఆగి చూద్దామా?

ఆగవద్దు. పిల్లి తన నొప్పిని అరిచి చెప్పదు. కన్ను సగం మూయడమే అది చెప్పే మాట. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దానికి గీత పడినా, పుండు పట్టినా పిల్లి వెలుతురు చూడలేక కన్ను మూస్తుంది. పైపైన ఉన్న పుండు సరైన మందుతో సాధారణంగా వారం లోపే మానుతుంది. అదే పుండుకు సూక్ష్మజీవులు తోడైతే ఒకటి రెండు రోజుల్లోనే లోతుకు దిగి, కన్ను చిల్లు పడే స్థితికి రావచ్చు.

ఎదురుగా కూర్చొని, పిల్లి మీ వైపు చూసినప్పుడు రెండు కళ్లనూ పోల్చి చూడండి. నల్లగుడ్డు మీద నీలి తెలుపు మసక కమ్మినా, మన పెద్దలు పువ్వు వేసిందని చెప్పే తెల్లమచ్చ కనిపించినా, కంట్లో రక్తం ఉన్నా, ఒక కంటిపాప పెద్దగా మరొకటి చిన్నగా ఉన్నా, గుడ్డు ముందుకు ఉబికినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇవేవీ లేకుండా కన్ను సగం మూస్తున్నా మరుసటి రోజు దాటనివ్వకూడదు.

వీధి పిల్లులకు ఈ జబ్బు ఇంతగా ఎందుకు వస్తోంది?

ఎక్కువ సందర్భాల్లో దీని వెనుక పిల్లుల జలుబు ఉంటుంది. పిల్లుల హెర్పిస్ వైరస్, క్యాలిసి వైరస్ అనే రెండు వైరస్‌లు, క్లామిడియా, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాలు ఇందుకు ముఖ్య కారణాలు. తుమ్ములు, ముక్కు కారడం, రెండు కళ్లలో నీరు కలిసి ఉంటే హెర్పిస్ అనుమానం ఎక్కువ. తుమ్ములు పెద్దగా లేకుండా ముందు ఒక కన్ను బాగా వాచి, కొద్ది రోజులకు రెండో కంటికి పాకితే క్లామిడియా కావచ్చు. నోట్లో, నాలుక మీద పుండ్లు ఉంటే క్యాలిసి వైరస్ వైపు చూస్తారు. తల్లిపాల నుంచి వచ్చే రక్షణ తగ్గే వయసులోని కూనలు దీనికి తేలిగ్గా లొంగిపోతాయి.

వైరస్ ఒక్కటే కారణం కాదు. మగపిల్లుల పోట్లాటలో గోరు గుచ్చుకోవడం, కట్టుబడి జరుగుతున్న ఇళ్లలో సున్నం, సిమెంటు పడటం కూడా ఉన్నాయి. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉండేవారికి మరో సంగతి తెలుసు: ఎండాకాలం ముందు మిర్చి రాశులు పోసే రోజుల్లో గాలిలోనే ఘాటు ఉంటుంది, గోదాముల్లో ఎలుకల కోసం తిరిగే పిల్లుల కళ్లు ఎర్రబడతాయి. సున్నం, మిర్చి వంటివి పడినట్టు కళ్లారా చూస్తే, డాక్టరు కోసం ఎదురుచూడకుండా ముందు శుభ్రమైన నీటితో పదిహేను నిమిషాలు ధారగా కడగాలి.

ఇది మనుషులకు వచ్చే కండ్లకలకేనా? మా పిల్లలకు అంటుకుంటుందా?

పిల్లుల హెర్పిస్, క్యాలిసి వైరస్‌లు మనుషులకు రావు. పిల్లుల క్లామిడియా మాత్రం చాలా అరుదుగా మనిషి కంటికి సోకవచ్చు. అందుకే మందు వేశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ చేతులతో కళ్లు నలుపుకోకూడదు. చిన్నపిల్లలను, రోగనిరోధక శక్తి తగ్గిన పెద్దవారిని ఈ పనికి దూరంగా ఉంచండి. గర్భిణులు పిల్లి మలం ఉన్న మట్టిని తాకకూడదు. ఆ జాగ్రత్త కంటి జబ్బు కోసం కాదు, మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కోసం.

రేబిస్ ఉన్న పిల్లేమోనని భయంగా ఉంది. దగ్గరికి వెళ్లవచ్చా?

కంట్లో పుసి రేబిస్ లక్షణం కాదు. అయితే పిల్లులకూ రేబిస్ వస్తుంది కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. కారణం లేకుండా మీదికి దూకుతున్నా, నోటి నుంచి చొంగ ఆగకుండా కారుతున్నా, నడకలో తూలుతున్నా, గొంతు మారినా మీరు ముట్టుకోకుండా పశువైద్యశాలకు తెలియజేయండి.

ఇంకా కళ్లు తెరవని పసికూన రెప్పల కింద ఉబ్బుగా ఉంది. తెరుచుకునే దాకా ఆగాలా?

కూనల కళ్లు సాధారణంగా పుట్టిన 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. అంతకు ముందే మూసిన రెప్పల వెనక చీము చేరి, కన్ను గోళీలా ఉబ్బవచ్చు. చీము బయటికి రావడానికి దారి లేక లోపలే కార్నియాను తినేస్తుంది కనుక ఇది ఆగవలసిన విషయం కాదు. డాక్టరు రెప్పలను జాగ్రత్తగా విడదీసి, కడిగి, మందు వేస్తారు. ఇంట్లో మీరు చేయగలిగింది గోరువెచ్చని తడిదూదితో కాపడం పెట్టడం వరకే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. మనుషుల రాకపోకలు పెరిగితే తల్లి రాత్రికి రాత్రే కూనలను మరోచోటికి మారుస్తుంది, అప్పుడు మందు వేయడానికి కూన దొరకదు. తల్లి తిండికి వెళ్లిన సమయంలో ఒక్కరే వెళ్లి, జబ్బు కూనను తీసుకొని డాక్టరుకు చూపించి, వీలైనంత త్వరగా తల్లి దగ్గరికి చేర్చండి. మనిషి వాసన తగిలితే తల్లి పాలివ్వదన్న మాట నిజం కాదు.

## పట్టుకోవడం

చేతికి అందని పిల్లిని ఎలా పట్టుకోవాలి?

వెంటపడి పట్టుకున్న పిల్లి ఒక్కటీ లేదు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి పెట్టడం మొదలుపెట్టి, ఆ చోటనే పిల్లిని తీసుకువెళ్లే బుట్టను తలుపు తెరిచి ఉంచండి. మొదటి రోజు గిన్నె బుట్ట బయట, తరవాత గడప దగ్గర, ఆపైన లోపల. కన్ను సగం మూసిన పిల్లికి ఇన్ని రోజులు ఇవ్వలేం కాబట్టి ఒక్క పూట ఆకలిగా ఉంచి, వాసన గట్టిగా వచ్చే ఎండుచేపను కొంచెం వేడిచేసి బుట్ట చివర పెడితే చాలాసార్లు అదే రోజు పని అవుతుంది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ కనుక దాన్ని ఎరగా ఒక చిన్న ముక్కకే పరిమితం చేయాలి.

బుట్ట లేనివారికి నేను చెప్పేది కోళ్ల గంప. మా ఇంట్లో అమ్మ కోళ్లను కమ్మే వెదురు గంపే ఇప్పటికి ఎన్నో పిల్లులను పట్టిపెట్టింది. పిల్లి తల వంచి తింటున్నప్పుడు వెనక నుంచి గంప కమ్మి, పైన బరువు పెట్టి, వెంటనే దుప్పటి కప్పాలి. చీకటి కాగానే పిల్లి గింజుకోవడం మానేస్తుంది. తరవాత గంప అంచు కింద నుంచి గట్టి అట్టను మెల్లగా జరిపి, అట్టతో పాటు మొత్తాన్ని పెద్ద అట్టపెట్టె మీదికి తిప్పాలి. ఈ పనికి ఇద్దరు కావాలి. గోనె సంచిలో వేసి మూతి కట్టడం మాత్రం వద్దు. ముక్కు మూసుకుపోయిన పిల్లికి, అందులోనూ మన ఎండల్లో, ఊపిరి ఆడదు.

పట్టుకుంటుంటే కరిచింది. ఏం చేయాలి?

వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం వంటివి పూయకండి, గట్టిగా కట్టు కట్టకండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. వరంగల్ ఎంజీఎంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఈ టీకా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేయించుకోవాలి. పన్ను దిగి రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజెక్షన్) కూడా అవసరం కనుక ఎలాంటి గాయమో డాక్టరుకు దాచకుండా చెప్పండి. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా ఒక్క రోజులో చేయి వాచవచ్చు, దానికి యాంటీబయాటిక్ కావలసి వస్తుంది.

పట్టుకున్నాక రాత్రంతా ఎక్కడ ఉంచాలి?

స్నానాల గది చాలు. నేల పొడిగా తుడిచి, బకెట్ నీళ్లు తీసేసి, ఒక మూల పాత దుప్పటి, మరో మూల ట్రేలో ఇసుక, నీళ్ల గిన్నె పెట్టండి. దీపం ఆర్పేయండి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో ఉంచవద్దు, మధ్యాహ్నం ప్రయాణం పెట్టుకోవద్దు.

## ఇంట్లో చేసే తొలి సాయం

కన్ను దేనితో కడగాలి?

మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్ అన్నిటికన్నా మంచిది. అది లేకపోతే కాచి చల్లార్చిన నీళ్లు చాలు. సెలైన్ సీసా తెరిచాక నిల్వ ఉండదు కాబట్టి చిన్న సీసా కొని, మరుసటి రోజుకు మిగిలింది పారేయండి. దూదిని తడిపి, పిండి, లోపలి మూల నుంచి బయటికి ఒకే దిశలో తుడవాలి. ఒక తుడుపుకు ఒక దూది; ఒక కంటికి వాడినది రెండో కంటికి వాడకూడదు.

రెప్పలు అతుక్కుపోయాయి. వేళ్లతో విడదీయవచ్చా?

పొడిగా ఉన్న పుసిని లాగితే వెంట్రుకలతో పాటు రెప్ప అంచు చర్మం ఊడి వస్తుంది. ముంజేతి మీద వేసుకుంటే వెచ్చగా మాత్రమే తగిలే నీటిలో మెత్తటి దస్తీని తడిపి, కంటి మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఆనించి ఉంచండి. అది చల్లారితే మళ్లీ తడపండి. అప్పటికి బెల్లం పాకంలా గట్టిపడిన పుసి నాని, జావలా జారుతుంది. రెప్పలు వాటంతట అవే విడిపోయే దాకా ఓపిక పట్టండి. విడిపోగానే వెనక నిలిచిన చీము ఒక్కసారిగా కారవచ్చు, కంగారు పడకుండా సెలైన్‌తో కడగండి.

పసుపు నీళ్లు, నందివర్ధనం పూల రసం, చనుబాలు వేయమంటున్నారు. వేయవచ్చా?

వేయవద్దు. ఇవి చెప్పేవారు ప్రేమతోనే చెబుతారు, వారితో వాదన పెట్టుకోనక్కర లేదు. కానీ పుండు పడిన కార్నియా మీద శుభ్రంగా లేని ఏ ద్రవం వేసినా అందులోని సూక్ష్మజీవులు నేరుగా పుండులోకి దిగుతాయి. ఆముదం, తేనె, పటిక నీళ్లు, టీ డికాక్షన్ కూడా అంతే. డెట్టాల్ వంటి క్రిమిసంహారకాలు, కర్పూరం, నీలగిరి తైలం కలిసిన బామ్‌లు ఇంకా ప్రమాదకరం. పిల్లి కాలేయం వాటిని విరిచివేయలేదు, ఒంటికి పూసినా నాకి మింగేస్తుంది.

మెడికల్ షాపులో అడిగితే చుక్కల మందు ఇచ్చారు. వేయవచ్చా?

సీసా మీద పేరు చదవకుండా ఒక్క చుక్క కూడా వేయకండి. మనుషుల కళ్లు ఎర్రబడితే ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టెరాయిడ్. కార్నియా మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ వేస్తే పుండు మానడం ఆగిపోతుంది, హెర్పిస్ వైరస్ విజృంభిస్తుంది, కార్నియా కరిగిపోవచ్చు. అన్నిటికన్నా మోసం ఏమిటంటే, మొదటి రోజు ఎరుపు తగ్గి మందు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. మా వీధిలో ఎర్ర చారల కూన ఒకటి ఉండేది, మూడు నెలల వయసు. ఎడమ కన్ను నీరు కారుతోందని ఒక షాపులో అడిగి చుక్కలు తెచ్చి వేశాను. మరుసటి రోజుకు ఎరుపు తగ్గింది, సంతోషించాను. మూడో రోజు ఉదయం కూన నా వైపు తల తిప్పితే, నల్లగుడ్డు మీద పలుచగా పాలు పోసినట్టు ఉంది. నడిమధ్యలో సూది మొనంత గుంట. ఆ కన్ను దక్కలేదు. సీసా మీద డెక్సామెథసోన్ అని స్పష్టంగా రాసి ఉంది. చదవకపోవడం నా తప్పు. ఈ ప్రశ్నలన్నీ కూర్చడానికి అసలు కారణం ఆ కూన.

డాక్టరు దొరకడానికి ఒక రోజు పడుతుందనుకుంటే ఫోనులో అడిగి, వారు చెప్పిన పేరుతోనే, స్టెరాయిడ్ లేని యాంటీబయాటిక్ చుక్కలు తెచ్చుకోండి. ఇంట్లో ఎవరికో వాడగా మిగిలిన పాత సీసా వాడకండి.

ఒళ్లు వేడిగా ఉంది. పారాసిటమాల్ కొంచెం ఇవ్వవచ్చా?

ఒక్క మాత్రతోనే పిల్లి చనిపోవచ్చు. పారాసిటమాల్‌ను పిల్లి శరీరం వదిలించుకోలేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. పసిపిల్లల సిరప్ కూడా ఇంతే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇవ్వకూడదు. పిల్లి ఒంటి వేడి సహజంగానే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది కనుక మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం కాదు.

## డాక్టరు దగ్గర

వరంగల్‌లో ఎక్కడికి తీసుకువెళ్లాలి? 1962కు ఫోన్ చేస్తే వస్తారా?

ప్రభుత్వ పశువైద్యశాలల్లో పిల్లులను కూడా చూస్తారు. మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. జగిత్యాల వైపువారికి కోరుట్లలో మరొకటి ఉంది. నగరంలో పెంపుడు జంతువుల ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: పిల్లులను చూసే డాక్టరు ఈ రోజు ఉన్నారా, కంటి పుండు తెలుసుకునే రంగు పరీక్ష చేస్తారా. 1962 సంచార పశువైద్య సేవ ప్రధానంగా పల్లెల్లోని పశువులు, గొర్రెలు, మేకల కోసం నడుస్తోంది. దాన్ని నమ్ముకొని పిల్లిని ఇంట్లో కూర్చోబెట్టవద్దు. ఆటోలో బుట్టకు దుప్పటి కప్పి మీరే తీసుకువెళ్లండి.

డాక్టరు కంట్లో పచ్చరంగు వేశారు. అదేమిటి?

దాని పేరు ఫ్లోరెసిన్. కార్నియా పైపొర ఊడిన చోట మాత్రమే ఆ రంగు పట్టుకుంటుంది, నీలి వెలుతురులో చూస్తే పుండు ఆకుపచ్చగా మెరుస్తుంది. స్టెరాయిడ్ వేయవచ్చా లేదా అన్నది ఈ పరీక్షే తేలుస్తుంది. డాక్టరు చేయకపోతే మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ముక్కు నుంచి, నోటి నుంచి కొద్దిసేపు పచ్చటి నీరు కారవచ్చు, అది హాని చేయదు.

కంటి చుక్కలు చాలవా? మాత్రలు కూడా ఎందుకు రాశారు?

క్లామిడియా, మైకోప్లాస్మా కంటిలోనే కాక ముక్కులో, గొంతులో కూడా ఉంటాయి కనుక చుక్కలు ఒక్కటే వేస్తే తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. అందుకే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కడుపులోకి ఇస్తారు. క్లామిడియాకు సాధారణంగా నాలుగు వారాలు. హెర్పిస్ తీవ్రంగా ఉంటే ఫామ్‌సైక్లోవిర్ అనే వైరస్ మందు రాయవచ్చు. మనుషులకు వాడే వాలసైక్లోవిర్ పేరు దానికి దగ్గరగా ఉంటుంది కానీ పిల్లులకు అది ప్రాణాంతకం. షాపులో ఒకదాని బదులు మరొకటి ఇస్తే తీసుకోకండి.

లైసిన్ పొడి వేస్తే వైరస్ తగ్గుతుందట, నిజమేనా?

లైసిన్ అంటే ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం. చాలాకాలం అలా నమ్మారు. 2015లో అప్పటి పరిశోధనలన్నిటినీ పరిశీలించిన సమీక్ష దానివల్ల ప్రయోజనం లేదని తేల్చింది. ఆ డబ్బుతో కోడిమాంసం కొనండి.

## మందు వేసే రోజుల్లో

చుక్కలు వేయబోతే గింజుకుంటోంది. ఒక్కరే వేయడం ఎలా?

పిల్లిని ఎదురుగా పట్టుకోవడమే పొరపాటు. నేల మీద మోకాళ్ల మీద కూర్చొని, పిల్లిని మీ కాళ్ల మధ్య, దాని ముఖం ముందుకు ఉండేలా పెట్టుకోండి. వెనక్కి జరగడానికి దానికి చోటుండదు. పెద్ద తువ్వాలను మెడ చుట్టూ తెచ్చి, ముందు కాళ్లు లోపలే ఉండేలా బిగుతుగా చుట్టండి. ఎడమ అరచేయి గడ్డం కింద పెట్టి తలను కొంచెం పైకెత్తి, కుడిచేతిని పిల్లి నెత్తి మీద ఆనించి, చిటికెన వేలి వైపుతో పై రెప్పను వెనక్కి లాగండి. సీసా పై నుంచి, వెనక నుంచి రావాలి, పిల్లికి కనిపించకూడదు. ఒక్క చుక్క చాలు, సీసా మొన కంటికి తగలకూడదు. చుక్క పడగానే వదిలేయకుండా ఐదు లెక్కపెట్టి, చెంప నిమిరి, చిన్న మాంసం ముక్క పెట్టండి. కొన్ని చుక్కల చేదు ముక్కు ద్వారా గొంతులోకి దిగి చొంగ కారుతుంది, కొద్దిసేపటికి ఆగుతుంది.

రెండు మూడు రకాల చుక్కలు ఇచ్చారు. అన్నీ ఒకేసారి వేయవచ్చా?

ఒకదానికీ మరొకదానికీ కనీసం ఐదు నిమిషాల వ్యవధి ఇవ్వండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. నీళ్లలాంటివి ముందు, ఆయింట్‌మెంట్ చివర. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి, నెల దాటితే పారేయండి.

డాక్సీసైక్లిన్ మింగించాక నీళ్లు పట్టాలా?

తప్పకుండా పట్టాలి. ఆ మాత్ర అన్నవాహికలో అంటుకుపోతే అక్కడ పుండు పడి, దారి మూసుకుపోతుంది. మింగించిన వెంటనే సూది లేని సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు చెంప పక్క నుంచి మెల్లగా పట్టండి, ఆపైన కొంచెం తిండి పెట్టండి. పాలు, పెరుగుతో కలిపి ఇస్తే మందు ఒంటికి పట్టదు.

మందు వేస్తున్నాం కానీ తిండి ముట్టడం లేదు. ఏం పెట్టాలి?

పిల్లి వాసన చూసి తింటుంది. ముక్కు దిబ్బడ పడితే ముందున్నది తిండి అని కూడా దానికి తోచదు. ముందు తడిదూదితో ముక్కు తుడిచి, ఉప్పు, కారం, పసుపు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని చిదిపి, ఉడికిన నీళ్లు కలిపి గోరువెచ్చగా పెట్టండి. వేడినీళ్లు పట్టిన స్నానాల గదిలో పది నిమిషాలు ఆవిరిలో ఉంచితే ముక్కు వదులవుతుంది. పాలు పోయకండి, చాలా పిల్లులకు విరేచనాలు పట్టుకుంటాయి. పెద్ద పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. కూన అయితే ఒక్క పూటకే నీరసించిపోతుంది. ఆ స్థితిలో కంటికన్నా ముందు తిండి, నీరు గురించి డాక్టరును అడగాలి.

ఈ పిల్లి అసలు ముట్టుకోనివ్వదు. మందు ఎలా?

ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. తిండిలో కలిపే మందు రాయగలరేమో, ఒకసారి వేస్తే చాలా రోజులు పనిచేసే ఇంజెక్షన్ సరిపోతుందేమో వారు చూస్తారు. మందు కలిపిన ముద్ద చిన్నదిగా ఉండాలి, అది పూర్తిగా తిన్నాకే మిగతా తిండి పెట్టాలి. మీ పిల్లి వాటా మరో పిల్లి తినకుండా గిన్నె ఖాళీ అయ్యే దాకా పక్కనే నిలబడండి.

మూడో రోజుకే కన్ను బాగా తెరిచింది. మందు ఆపేయవచ్చా?

వద్దు. రాసినన్ని రోజులూ వేసి, పుండు ఉన్న కంటికైతే రంగు పరీక్ష మళ్లీ చేయించి, పుండు మూసుకుందని డాక్టరు చెప్పాకే ఆపాలి. మూడు నాలుగు రోజులైనా మార్పు లేకపోతే మాత్రం అదే మందు పొడిగించకుండా మళ్లీ తీసుకువెళ్లండి.

మా ఇంట్లో పెంపుడు పిల్లి ఉంది. దానికి అంటుకుంటుందా?

టీకా వేయించకపోతే అంటుకునే అవకాశం ఎక్కువ. రెండు మూడు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచి, ముందు మీ పిల్లి పని చూసుకున్నాకే జబ్బు పిల్లి దగ్గరికి వెళ్లండి. హెర్పిస్ వైరస్ బయట ఒక్క రోజుకు మించి బతకదు, క్యాలిసి వైరస్ వారాల తరబడి ఉంటుంది. గది కడగడానికి ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 32 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు ఉంచి, మంచినీటితో కడిగి ఆరనివ్వండి. ఫినాయిల్ వాడకండి, తడి నేల మీద నడిచి పాదాలు నాకిన పిల్లికి అది విషం.

## కోలుకున్నాక

జబ్బు తగ్గింది కానీ కంట్లో తెల్లమచ్చ మిగిలింది. పోతుందా?

మానిన పుండు మిగిల్చిన మచ్చ అది. కూనల్లో నెలలు గడిచేకొద్దీ చాలావరకు పలచబడుతుంది. రెప్ప లోపలి పొర కార్నియాకు అతుక్కుపోయి ఉంటే మాత్రం దానంతట అది పోదు. నొప్పి, నీరు కారడం లేకపోతే మచ్చను వదిలేయవచ్చు. పువ్వు కోసే ఆకుపసర్ల జోలికి వెళ్లకండి.

రెండు నెలలకు మళ్లీ అదే కన్ను. మందు పనిచేయలేదా?

హెర్పిస్ సోకిన పిల్లుల్లో ఎక్కువ వాటిలో ఆ వైరస్ నరాల్లో జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది. ఇల్లు మారడం, ఈనడం, కొత్త పిల్లి రావడం వంటి ఒత్తిడి కలిగిన వారం పది రోజుల్లో మళ్లీ బయటపడుతుంది. పాత చీటీలోని మందునే మళ్లీ కొనకండి. పోయినసారి పుండు లేకపోయినా ఈసారి ఉండవచ్చు.

డాక్టరు కన్ను తీసేయాలన్నారు. ఒప్పుకోవాలా?

చిల్లు పడిన లేదా ఎండి ముడుచుకున్న కన్ను చూపునివ్వదు, కానీ నొప్పినీ చీమునూ ఇస్తూనే ఉంటుంది. తీసేసి రెప్పలు కుట్టేశాక పిల్లులు కొద్ది రోజుల్లోనే తినడం, ఆడటం మొదలుపెడతాయి. మనకు అది చూడటానికి కష్టం, పిల్లికి ఉపశమనం. కుట్లు మానే దాకా, దాదాపు రెండు వారాలు, మెడకు ప్లాస్టిక్ గరాటు వేసి లోపలే ఉంచాలి.

టీకా వేయిస్తే మళ్లీ రాకుండా ఉంటుందా?

మూడు జబ్బుల టీకా హెర్పిస్, క్యాలిసి వైరస్‌లను పూర్తిగా ఆపదు, జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది. మూడోదైన ప్యాన్‌ల్యూకోపీనియా (పిల్లుల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) నుంచి మాత్రం గట్టి రక్షణ ఇస్తుంది. కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండే దాకా వేస్తారు. పన్నెండు వారాలు దాటాక రేబిస్ టీకా కూడా వేయించండి. కోలుకున్న పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పోట్లాటలు, వాటితో పాటు కంటి గాయాలు తగ్గుతాయి.

పిల్లి ఎదురొస్తే అశుభమని పక్కింటివారు కొట్టి తరుముతున్నారు. ఏమనాలి?

ముందు కూర్చొని మాట్లాడండి. తిండి వారి గోడ దగ్గర కాకుండా మీ వాకిట్లో పెట్టండి, తిన్న చోట ఊడ్చేయండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది. అయినా కొడుతుంటే, జంతువులను హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమని, చంపడం, విషం పెట్టడం, అవిటిని చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్షపడే నేరమని తెలియజేయండి.

ఒంటి కన్ను పిల్లిని మళ్లీ వీధిలో వదలవచ్చా?

వీధిలోనే పెరిగిన పెద్ద పిల్లి, రెండో కన్ను బాగుంటే, తనకు తెలిసిన చోట బతకగలదు. ఎక్కడ పట్టారో అక్కడే, తెల్లవారుజామున బండ్లు తిరగని వేళ వదిలి, పాత వేళకే తిండి పెట్టండి. పోయిన కంటి వైపు నుంచి వచ్చే బండి దానికి కనిపించదు కనుక పెద్ద రోడ్డు పక్కన ఉండే పిల్లికి లోపలి వీధిలో ఇల్లు వెతకడం మేలు. రెండు కళ్లూ పోయిన పిల్లిని, ఆరు నెలల లోపు కూనను వదలకూడదు. మా ఎర్ర చారల కూనను నేను వదలలేదు. అది ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది, పిలిస్తే ముందు కుడివైపుకు తల తిప్పి, ఆ తరవాత లేచి వస్తుంది.